వర్ణం – వెలుగునీడ

ప్రాచీన భారతీయ చిత్రకళాశాస్త్రం చిత్రానికి ఆరు అంగాలను చెప్పింది. వాత్స్యాయనుని కామసూత్రాలకు యశోధరుడు రచించిన జయమంగళ వ్యాఖ్యలో ఈ షడంగాల ప్రస్తావన కనిపిస్తుంది. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అనేవి ఆ ఆరు అంగాలు. వీటిలో చివరిదైన వర్ణికాభంగం అంటే రంగులను ఎంచుకొని, తగిన పాళ్లలో కలిపి, వాటి ఛాయాభేదాలను చూపే నేర్పు. దానికి ముందున్న సాదృశ్యం అంటే చిత్రానికీ, చిత్రింపబడిన వస్తువుకూ మధ్య ఉండవలసిన పోలిక. పూర్వం కుంచె పట్టిన చిత్రకారుడు ఈ రెండింటినీ ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించుకొనేవాడు.

నేడు అదే పనిని కంప్యూటర్ తెర ముందు కూర్చున్నవారు, చేతిలో సెల్‌ఫోను ఉన్నవారు కూడా చేస్తున్నారు. తెరపై ఒక మీటను కుడికి జరిపితే రంగు ముదురుతుంది. ఎడమకు జరిపితే వెలిసిపోతుంది. మరొక మీట నొక్కితే చిత్రం మొత్తం నలుపు తెలుపుల్లోకి మారిపోతుంది. పని ఇంత సులభమైనందువల్ల ఆ మీట వెనుక జరిగేదేమిటో తెలుసుకోనక్కరలేదని అనిపించవచ్చు. కాని రంగును సవరించే ప్రతిసారీ, రంగును తీసివేసే ప్రతిసారీ ఒక నిర్ణయం జరుగుతున్నది. ఆ నిర్ణయాన్ని మనిషి తీసుకోకపోతే అతని తరఫున యంత్రం తీసుకొంటుంది. అది ఎటువంటి నిర్ణయమో, దాని ఫలితం ఎవరి మీద పడుతుందో తెలిసినవారికే వర్ణికాభంగం నిజంగా వశమవుతుంది.

మూడు చిత్రాల కలయిక

వర్ణ ఛాయాచిత్రం పుట్టుక తెలిస్తే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. 1861 మే 17వ తేదీన లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో స్కాట్లండ్ దేశపు భౌతికశాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒక ప్రయోగాన్ని ప్రదర్శించాడు. ఆయన సూచన మేరకు థామస్ సట్టన్ అనే ఛాయాచిత్రకారుడు రంగురంగుల గళ్ల రిబ్బనును ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా విడివిడిగా చిత్రించాడు. అలా వచ్చినవన్నీ నలుపు తెలుపు చిత్రాలే. వాటిని మూడు దీపయంత్రాలలో ఉంచి, ఒక్కొక్క చిత్రాన్ని అది తీయబడిన వడపోత గుండానే తెరపైకి ప్రసరింపజేసి, మూడింటినీ ఒకదానిపై ఒకటి సరిగా పడేటట్లు అమర్చారు. అప్పుడు తెరమీద రిబ్బను తన రంగులతో ప్రత్యక్షమైంది.

ఈ ప్రయోగంలో ఒక విచిత్రం దాగి ఉన్నది. ఆనాటి రసాయనపు పూత నీలం కాంతికి బాగా స్పందించేది. ఎరుపు కాంతికి దాదాపు స్పందించేదే కాదు. అటువంటప్పుడు ఎరుపు వడపోత వెనుక చిత్రం ఎట్లా పడింది? దీనికి సమాధానం నూరేళ్ల తరువాత, 1961లో, కొడాక్ సంస్థ పరిశోధకుల కృషి వల్ల లభించింది. రిబ్బనులోని ఎర్రని భాగాలు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను కూడా ప్రతిఫలింపజేశాయి. ఎరుపు వడపోత ఆ కిరణాలను అడ్డుకోలేదు. అందువల్ల పలకపై ముద్ర పడింది. యాదృచ్ఛికం తోడ్పడినా మాక్స్‌వెల్ సిద్ధాంతం మాత్రం సత్యమని తేలింది.

నేటి డిజిటల్ కెమెరా కూడా ఈ సూత్రంపైనే పనిచేస్తుంది. అందులోని సెన్సర్‌కు స్వయంగా రంగు తెలియదు. తనపై పడిన వెలుగు ఎంతో మాత్రమే అది కొలుస్తుంది. అందుచేత దాని సూక్ష్మ గ్రాహకాలపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలను చదరంగపు గళ్లవలె అమరుస్తారు. కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించింది. ఇందులో సగం గళ్లు ఆకుపచ్చవి; తక్కిన సగంలో ఎరుపు, నీలం సమంగా ఉంటాయి. మానవ నేత్రం ఆకుపచ్చ ప్రాంతపు కాంతికి ఎక్కువగా స్పందించడమే ఈ పక్షపాతానికి కారణం.

ఈ విధంగా కంప్యూటర్‌లోకి చేరిన చిత్రంలో ప్రతి చుక్కకూ, అంటే ప్రతి పిక్సెల్‌కూ, మూడు సంఖ్యలు ఉంటాయి. అవి దాని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు. సాధారణంగా ఒక్కొక్క సంఖ్య 0 నుండి 255 వరకు ఉంటుంది. మూడూ 0 అయితే కటిక నలుపు; మూడూ 255 అయితే స్వచ్ఛమైన తెలుపు; మూడూ సమానమైతే ఏదో ఒక బూడిద ఛాయ. ఈ లెక్కన ఏర్పడగల రంగులు 1,67,77,216. అంటే వర్ణచిత్రం మూడు నలుపు తెలుపు చిత్రాల దొంతర. చిత్ర సవరణ సాఫ్ట్‌వేర్ వీటినే ఛానళ్లు అంటుంది.

రంగు సవరణ

కంటికి, కెమెరాకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మల్లెపూవు ఎండలో ఉన్నా, విద్యుద్దీపం కింద ఉన్నా తెల్లగానే ఉన్నదని మనిషి భావిస్తాడు. వెలుగులోని మార్పును మనస్సు తనంతట తానే సర్దుకొంటుంది. కెమెరా మాత్రం తనపై పడిన వెలుగునే నమోదు చేస్తుంది. ఫిలమెంటు బల్బు వెలుగు వర్ణోష్ణత సుమారు 2,800 కెల్విన్లు. మధ్యాహ్నపు ఎండది సుమారు 5,500 కెల్విన్లు. ఈ సంఖ్య తగ్గినకొద్దీ వెలుగు పసుపు, ఎరుపుల వైపు మొగ్గుతుంది. పెరిగినకొద్దీ నీలం వైపు జరుగుతుంది. అందువల్లనే బల్బు వెలుగులో తీసిన చిత్రంలో తెల్లని పంచె పసుపు పులిమినట్లు కనిపిస్తుంది.

దీనిని సరిచేసే ప్రక్రియకు వైట్ బ్యాలెన్స్ అని పేరు. ఆ పంచెపై ఒక చుక్క విలువలు ఎరుపు 240, ఆకుపచ్చ 210, నీలం 160 అనుకొందాం. తెలుపు తెలుపుగా కనిపించాలంటే ఈ మూడూ సమానం కావాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ చుక్కను తెలుపుగా గుర్తిస్తే, అది ఎరుపును తగ్గించి, నీలాన్ని పెంచి మూడింటినీ ఒక మట్టానికి తెస్తుంది. అదే నిష్పత్తిలో చిత్రంలోని తక్కిన చుక్కలన్నీ మారుతాయి. కనుక సరైన చుక్కను ఎంచుకోవడమే ఇక్కడ కీలకం. గోరంచు రంగు గోడను తెలుపని పొరబడి చూపిస్తే చిత్రం మొత్తం నీలి ఛాయలోకి ఒరుగుతుంది.

అయితే ప్రతి పసుపుఛాయా దోషం కాదు. దీపావళి నాటి రాత్రి ప్రమిదల వరుస ముందు కూర్చున్న పిల్లల ముఖాలపై పడే బంగారు వెలుగు ఆ దృశ్యానికి ప్రాణం. దానిని యంత్రానికి వదిలివేసి తెలుపుగా సరిచేయిస్తే పండుగ రాత్రి కాస్తా పగటిపూట గదిలా మారిపోతుంది. ఏది దీపం తెచ్చిన అందమో, ఏది దీపం చేసిన పొరబాటో తేల్చవలసినవాడు మనిషే.

వెలుగునీడల విస్తృతిని సవరించడానికి లెవెల్స్, కర్వ్స్ అనే సాధనాలు ఉన్నాయి. చిత్రంలో ఏ మట్టపు వెలుగు గల చుక్కలు ఎన్ని ఉన్నాయో చూపే పటాన్ని హిస్టోగ్రామ్ అంటారు. దాని ఎడమ కొన నలుపు, కుడి కొన తెలుపు. చుక్కలన్నీ మధ్యలోనే గుమికూడితే చిత్రం పొగమంచు కప్పినట్లుంటుంది. అప్పుడు నలుపు మేరను, తెలుపు మేరను లోపలికి జరిపి చిత్రానికి స్పష్టత తేవచ్చు. కాని ఆ మేరలను అతిగా జరిపితే కొన్ని చుక్కలు 0 దగ్గరో, 255 దగ్గరో కట్టకట్టుకొని నిలిచిపోతాయి. తెల్లచీర మడతలు, నల్లని జడలోని పాయలు అప్పుడు మాయమవుతాయి. ఆ చిత్రాన్ని అలాగే భద్రపరిస్తే పోయిన వివరాలు తరువాత ఏ సవరణ చేసినా తిరిగి రావు.

పాత వర్ణచిత్రాల పునరుద్ధరణలో ఈ సాధనాలు ఎంతో ఉపకరిస్తాయి. 1980 ప్రాంతాల నాటి పెళ్లి ఆల్బములలోని చిత్రాలు అనేకం ఎర్రబారిపోయి ఉంటాయి. వర్ణచిత్రపు కాగితంలో మూడు పొరల రంగులు ఉంటాయి. వాటిలో నీలి ఆకుపచ్చ రంగు వెలిసిపోయినప్పుడు దానికి ప్రతిగా ఎరుపు పైకి తేలుతుంది. అటువంటి చిత్రాన్ని స్కాన్ చేసి, ఒక్కొక్క ఛానల్‌కు విడివిడిగా నలుపు తెలుపు మేరలను సవరిస్తే మరుగునపడిన రంగులు చాలావరకు తిరిగివస్తాయి. పెళ్లికూతురి పట్టుచీర పచ్చనిదో, నీలిదో తెలియని మనుమరాలికి ఆ రంగు మళ్లీ కనిపించడం చిన్న విషయం కాదు.

ఏకవర్ణంగా మార్చడం

వర్ణచిత్రాన్ని నలుపు తెలుపుగా మార్చడం అంటే ప్రతి చుక్కలోని మూడు సంఖ్యల స్థానంలో ఒకే సంఖ్యను నిలపడం. ఆ ఒక్క సంఖ్యను ఎట్లా రాబట్టాలనేది అసలు ప్రశ్న. మూడింటినీ కూడి మూడుతో భాగించడం ఒక పద్ధతి. అందులో గరిష్ఠ, కనిష్ఠ సంఖ్యల సగటును తీసుకోవడం మరొక పద్ధతి. కంటి స్వభావాన్ని అనుసరించి ఎరుపుకు 30, ఆకుపచ్చకు 59, నీలానికి 11 వంతుల చొప్పున ప్రాధాన్యమివ్వడం వేరొక పద్ధతి. టెలివిజన్ ప్రసారాల కోసం స్థిరపడిన ఈ చివరి నిష్పత్తి కంప్యూటర్ చిత్రాలకు కూడా విస్తృతంగా అన్వయింపబడింది.

ఈ నిష్పత్తి కంటికి సహజమైనదే అయినా అన్ని సందర్భాలలోనూ మేలు చేయదు. పండిన మిరపతోట చిత్రాన్ని ఉదాహరణగా తీసుకొందాం. ఒక మిరపపండుపై చుక్క విలువలు ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 30. పక్కనున్న ఆకుపై చుక్క విలువలు ఎరుపు 50, ఆకుపచ్చ 100, నీలం 60. పై నిష్పత్తి ప్రకారం పండుకు వచ్చే విలువ 60, 17.7, 3.3 కలిసి 81. ఆకుకు వచ్చే విలువ 15, 59, 6.6 కలిసి 80.6, అంటే అదీ 81 కిందనే లెక్క. తోటలో పండుకూ ఆకుకూ ఉన్న భేదం దూరం నుండి చూచినా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. నలుపు తెలుపు చిత్రంలో మాత్రం రెండూ ఒకే బూడిద ఛాయలో కలిసిపోయాయి. రైతు ఏడాది కష్టం ఆ చిత్రంలో కనిపించకుండా పోయింది.

ఇక నిష్పత్తిని మార్చి చూద్దాం. ఎరుపుకు 70, ఆకుపచ్చకు 20, నీలానికి 10 వంతులు ఇస్తే పండు విలువ 149, ఆకు విలువ 61. నల్లని ఆకుల నడుమ పండ్లు మెరుస్తాయి. ఎరుపుకు 10, ఆకుపచ్చకు 80, నీలానికి 10 వంతులు ఇస్తే పండు 47, ఆకు 91. ఇప్పుడు లేత ఆకుల మధ్య పండ్లు నల్లగా వేలాడతాయి. తోట ఒకటే, చిత్రం ఒకటే; కాని పాళ్లు మారినందువల్ల రెండు వేర్వేరు చిత్రాలు వచ్చాయి. పండ్లను చూపదలచినవాడు మొదటి పాళ్లను, ఆకుల ఆరోగ్యాన్ని చూపదలచినవాడు రెండవ పాళ్లను ఎంచుకొంటాడు. ఏదీ ఎంచుకోనివానికి మీట ఇచ్చినదే మిగులుతుంది.

ఈ పాళ్లను సవరించే వీలు సాఫ్ట్‌వేర్‌లలో ఉన్నది. ఫోటోషాప్‌లోని ఛానల్ మిక్సర్ ఇందుకు ఉపయోగపడుతుంది. 2007లో వెలువడిన సిఎస్ 3 రూపంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలి ఆకుపచ్చ, నీలం, మజెంటా అనే ఆరు రంగులకు విడివిడిగా మీటలను అమర్చారు. ఉచితంగా లభించే గింప్‌లో కూడా ఇటువంటి సాధనాలు ఉన్నాయి. మిచిగాన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న థామస్ నోల్ 1987లో రాసుకొన్న ఒక చిన్న ప్రోగ్రామ్ ఫోటోషాప్‌కు మూలం. నలుపు, తెలుపు చుక్కలు తప్ప చూపలేని తన కంప్యూటర్ తెరపై బూడిద ఛాయలను చూపడానికి ఆయన దానిని రాశాడు. సోదరుడు జాన్ నోల్ తోడ్పాటుతో అది విస్తరించి, 1990లో అడోబీ సంస్థ ద్వారా విపణిలోకి వచ్చింది. రంగుల సవరణకు నేడు పర్యాయపదమైన సాఫ్ట్‌వేర్ బూడిద ఛాయల కోసం పుట్టడం విశేషం.

గాజుపలకల కాలం

వెలుగుకు పాళ్లు నిర్ణయించడం కంప్యూటర్‌తో మొదలైన విషయం కాదు. పందొమ్మిదవ శతాబ్దపు గాజుపలకలపై పూసిన రసాయనం కూడా ఇటువంటి నిర్ణయాన్నే చేసేది. అది నీలాన్ని అతిగా గ్రహించేది; ఎరుపును గ్రహించేది కాదు. అందువల్ల ఆ కాలపు చిత్రాలలో ఆకాశం మబ్బుతునక కూడా లేకుండా తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఎర్రని వస్తువులు నల్లబడిపోతాయి. 1873లో బెర్లిన్‌లో హెర్మాన్ ఫోగెల్ పలకల రసాయనానికి కొన్ని అద్దకపు రంగులను చేర్చి, అవి ఇతర వర్ణాలకు కూడా స్పందించేటట్లు చేయవచ్చునని కనుగొన్నాడు. అన్ని రంగులనూ గ్రహించే పలకలు 1906లో ఇంగ్లండులో విక్రయానికి వచ్చాయి.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ ఈ గాజుపలకల యుగానికి చెందినవాడు. 1844లో జన్మించి 1905లో కీర్తిశేషుడైన ఆయన సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆనాటి హైదరాబాదు భవనాలను, దర్బారులను, జనజీవితాన్ని ఆయన చిత్రాలు నేటికీ కళ్లకు కట్టిస్తున్నాయి. అటువంటి పాత చిత్రాలను చూచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అందులో నల్లగా కనిపించే వస్త్రం నిజానికి నల్లనిది కాకపోవచ్చు. ముదురు ఎరుపు కావచ్చు. తెల్లగా కనిపించేది లేత నీలం కావచ్చు. చిత్రం అబద్ధమాడలేదు, పలక తనకు తెలిసిన భాషలో చెప్పింది. ఆ భాష తెలియనివారే పొరబడతారు.

తరువాతి కాలపు ఛాయాచిత్రకారులు కెమెరా కంటికి పసుపు, నారింజ, ఎరుపు రంగుల అద్దాలను తొడిగి పాళ్లను తమ చేతిలోకి తెచ్చుకొన్నారు. ఎర్రని అద్దం నీలి కాంతిని అడ్డుకొంటుంది. దానితో ఆకాశం ముదురుతుంది. తెల్లని మేఘాలు ఉబ్బెత్తుగా నిలుస్తాయి. ఆకుపచ్చ అద్దం చెట్ల ఆకులను తేలికపరుస్తుంది. నేడు సాఫ్ట్‌వేర్‌లో నీలపు మీటను తగ్గించడం అంటే చిత్రం తీసిన తరువాత ఆ అద్దాన్ని తొడగడమే. అయితే మీటను అతిగా లాగితే ఆకాశంలో ఇసుక చల్లినట్లు చుక్కలు తేలుతాయి. మేడల అంచుల వెంట తెల్లని గీతలు పుడతాయి. మితం ఇక్కడ కూడా శాస్త్రధర్మమే.

తిరిగిరాని దారి

రంగునుండి బూడిద ఛాయకు పోవడం సులభం. వెనుకకు రావడం అసాధ్యం. ఒక కోటీ అరవై ఏడు లక్షలకు పైబడిన రంగులు 256 ఛాయలలోకి ఇమడవలసి వచ్చినప్పుడు ఒక్కొక్క ఛాయ సగటున 65,536 రంగులకు ప్రతినిధి అవుతుంది. మిరపపండూ ఆకూ 81 అనే ఒకే అంకెగా మారిన తరువాత ఆ అంకెను చూచి ఇది పండు, ఇది ఆకు అని యంత్రం చెప్పలేదు. ఆకారాన్ని బట్టి ఊహించగలదు గాని రంగును తిరిగి తెలుసుకోలేదు.

తెలుగువారికి చిరపరిచితమైన ఉదాహరణ ఇందుకు ఒకటి ఉన్నది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన మాయాబజార్ చలనచిత్రం నలుపు తెలుపుల్లో నిర్మింపబడింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే దానిని వెలుగునీడల పొందికతో తీర్చిదిద్దాడు. 2010లో ఆ చిత్రం రంగులద్దుకొని మళ్లీ విడుదలైంది. నటులు ధరించిన వస్త్రాల అసలు రంగులు ఆ ఫిల్మ్‌లో లేవు. ఫిల్మ్ దాచుకొన్నది వాటి వెలుగు మట్టాన్ని మాత్రమే. కనుక తెరపై కనిపించిన రంగులు కళాకారులు తమ వివేచనతో చేర్చినవి. దానిని ప్రేక్షకులు ఆదరించడం వేరు. అవే ఆనాటి రంగులని చరిత్రగా స్వీకరించడం వేరు.

ఇందువల్ల చిత్ర సవరణలో పాటించవలసిన మొదటి నియమం తేలుతున్నది. అసలు చిత్రాన్ని ఎన్నడూ మార్చకూడదు. దాని ప్రతిని తయారుచేసుకొని ఆ ప్రతిపైనే పనిచేయాలి. సవరణలను చిత్రంపై నేరుగా చేయక, వేరు పొరపై చేసే వీలు సాఫ్ట్‌వేర్‌లలో ఉన్నది. పొరను తీసివేస్తే కింద అసలు చిత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. జెపెగ్ రూపంలో సవరించి భద్రపరచిన ప్రతిసారీ చిత్రం కొంత నాణ్యతను కోల్పోతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఇంటిలో మిగిలిన తాతగారి ఒకే ఒక్క చిత్రాన్ని తొందరపడి సవరించి, అసలును చెరిపివేసినవారికి ఆ నష్టాన్ని పూడ్చుకొనే మార్గం లేదు.

ముఖవర్ణం – న్యాయం

ఈ విద్యలో అన్నింటికన్న సున్నితమైనది మనిషి ముఖం. చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ, నీలం పాలు తక్కువ. ఎరుపు ఛానల్‌కు ప్రాధాన్యమిస్తే ముఖం తెల్లబడుతుంది. మచ్చలు, ముడతలు మాసిపోతాయి. నీలం ఛానల్‌కు ప్రాధాన్యమిస్తే అదే ముఖం నల్లబడుతుంది. ప్రతి ముడతా పైకి తేలుతుంది. అంటే ఒక మనిషి వయస్సును, మేనిఛాయను కొద్దిపాటి కదలికతో మార్చగల శక్తి మీట పట్టినవాని చేతిలో ఉన్నది.

ఈ శక్తి ఎంతటి వివాదానికి దారితీయగలదో 1994లో అమెరికాలో జరిగిన ఒక సంఘటన తెలుపుతుంది. హత్యానేరం ఆరోపణపై నిర్బంధింపబడిన ప్రసిద్ధ క్రీడాకారుడు ఓ.జె. సింప్సన్ చిత్రాన్ని పోలీసులు విడుదల చేశారు. జూన్ 27వ తేదీ సంచికలకు టైమ్, న్యూస్‌వీక్ పత్రికలు రెండూ ఆ ఒకే చిత్రాన్ని ముఖచిత్రంగా వాడుకొన్నాయి. న్యూస్‌వీక్ దానిని ఉన్నదున్నట్లుగా ముద్రించింది. టైమ్ ముఖచిత్రంలో మాత్రం ముఖం బాగా నల్లబరచబడి, నీడలు ముదిరి కనిపించింది. దుకాణాలలో పక్కపక్కన ఉన్న రెండు పత్రికలను చూచినవారికి భేదం వెంటనే తెలిసిపోయింది. విచారణ జరగకముందే అతనిని భయంకరునిగా చూపారనీ, నల్లజాతివారిపై ఉన్న దురభిప్రాయానికి ఇది ఊతమిచ్చిందనీ తీవ్రమైన విమర్శలు వచ్చాయి. పత్రిక సంపాదకుడు పాఠకులకు వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. అక్కడ ఏ వస్తువునూ కొత్తగా చేర్చలేదు, ఉన్నదానిని తీసివేయలేదు. వెలుగు మట్టాన్ని మార్చినందుకే చిత్రం అర్థం మారిపోయింది.

సాంకేతికత కూడా అన్ని మేనిఛాయలను సమానంగా చూడలేదు. ఇరవయ్యవ శతాబ్దం మధ్యకాలంలో వర్ణచిత్రాల ముద్రణశాలలు రంగులను సరిచూసుకోవడానికి ఒక నమూనా చిత్రాన్ని వాడేవి. అందులో ఉన్నది తెల్లజాతి యువతి. ఆమె మేనిఛాయ సరిగా వస్తే రంగులన్నీ సరిగా వచ్చినట్లు భావించేవారు. ఆ కొలతకు లోబడి ముద్రించినప్పుడు నల్లని ముఖాలలోని సూక్ష్మ ఛాయాభేదాలు నీడలో మునిగిపోయేవి. వివిధ జాతుల స్త్రీలు ఉన్న నమూనా చిత్రాలు 1990ల నాటికి గాని రాలేదు.

ఈ విషయం దూరదేశాలకు మాత్రమే పరిమితం కాదు. తెలుగునాట పెళ్లి సంబంధాలకు పంపే ఛాయాచిత్రాలలో చామనఛాయను తెలుపుగా మార్చమని స్టూడియోవారిని కోరేవారున్నారు. ఆ కోరిక వెనుక ఆడపిల్ల తల్లిదండ్రుల ఆందోళన ఉండవచ్చు. కాని మారిన చిత్రం ఆ పిల్లకు ఏమి చెబుతున్నది? నీ ముఖం ఉన్నట్లుగా చూపడానికి తగినది కాదని చెబుతున్నది. పెళ్లిచూపుల నాడు ఆమె తన చిత్రంతోనే పోల్చబడి తక్కువ అనిపించుకోవలసి వస్తున్నది. మహాభారతంలో ద్రౌపదికి ఆమె మేనిఛాయను బట్టే కృష్ణ అనే పేరు వచ్చింది. ఆమె సౌందర్యాన్ని వర్ణించిన కవులెవరూ ఆ నలుపును దాచలేదు. చామనఛాయ ముఖాన్ని చామనఛాయగానే చూపుతూ, కళ్లలోని కాంతిని, చెక్కిళ్లపై వాలిన నీడను స్పష్టంగా నిలపగలిగినవాడే నిపుణుడైన ఛాయాచిత్రకారుడు.

వార్తాచిత్రాల పోటీలను నిర్వహించే వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ నియమాలు ఈ విషయంలో మార్గదర్శకంగా ఉన్నాయి. చిత్రాన్ని నలుపు తెలుపుగా మార్చడానికి అవి అంగీకరిస్తాయి. కాని నేపథ్యాన్నిగాని, మనుషులనుగాని, వస్తువులనుగాని కనబడకుండా చేసేంతగా వెలుగునీడలను మార్చడానికి అంగీకరించవు. చూపును నిలపడానికి చేసే సవరణ ఆమోదయోగ్యం. సాక్ష్యాన్ని చెరిపే సవరణ నిషిద్ధం.

ముగింపు

రంగును సవరించడం, రంగునుండి వెలుగునీడలను రాబట్టడం సాధన వల్ల అలవడే విద్యలు. ఒకే చిత్రాన్ని నాలుగు విధాల పాళ్లతో మార్చి పక్కపక్కన పెట్టి చూచుకొంటే కంటికి క్రమంగా వివేచన అలవడుతుంది. పసుపుపచ్చని బంతిపూవు, నీలిరంగు గోడ, ఎర్రని రవిక, పచ్చని అరటాకు ఉన్న ఒక్క చిత్రం ఈ సాధనకు చాలు. ఏ ఛానల్‌లో ఏది వెలిగిందో, ఏది మరుగుపడిందో గమనించినవారికి మీటల పేర్లు కంఠస్థం చేయవలసిన పని ఉండదు. సాఫ్ట్‌వేర్ మారినా ఈ జ్ఞానం మారదు.

షడంగాలను చెప్పిన పూర్వులు సాదృశ్యాన్ని ముందు, వర్ణికాభంగాన్ని తరువాత పేర్కొన్నారు. ఆ వరుస నేటి చిత్ర సవరణకు కూడా వర్తిస్తుంది. చిత్రంలో ఉన్నది ఎవరు, వారు ఎట్లా ఉన్నారు, ఆ సమయంలో వెలుగు ఎటువంటిది అనే ప్రశ్నలకు ముందుగా సమాధానం చెప్పుకొని, ఆ తరువాతనే మీట మీద చెయ్యి వేయాలి. అట్లా సవరించిన చిత్రంలో రంగు ఉన్నా, లేకపోయినా, ఆ ముఖాన్ని ఎరిగినవారు చూచి వెంటనే గుర్తుపడతారు.